వాన వెలిసేదాకా

వాన వెలిస్తే మోర్టార్లు పేలతాయి. మేజర్ బిష్ట్ చెప్పిన మాట అదొక్కటే. చెప్పి, దుర్బీను మెడలో వేలాడేసుకుని తన జీపు వైపు వెళ్లిపోయాడు. జొన్నచేను గట్టు మీద, నాలుగు గుంజలకు కట్టిన టార్పాలిన్ కింద, సిద్దిరాములు ఒక్కడే కూర్చున్నాడు. ఎదురుగా వాఘాపూర్ ఖిల్లా ఉండాలి, కాని లేదు. ఉన్నదంతా వానే. తెల్లగా, తెరలు తెరలుగా, ఆకాశానికీ చేనుకూ మధ్య ఎవరో మగ్గానికి పడుగు నూలు సాగదీసి కట్టినట్టు. ఆ తెర వెనుక గుట్ట, గుట్ట మీద ఖిల్లా, ఖిల్లా మీద తెల్లవారగానే తామందరూ చూసిన నిజాం జెండా. పొద్దున వాగు దాటుతున్న జవాన్ల మీదికి ఖిల్లాలోంచి ఒక తూటా వచ్చింది. ఎవరికీ తగలలేదు. కాని తూటా తూటాయే. పెన్‌గంగ దాటి ఆదిలాబాద్ మీదుగా నిర్మల్ దిక్కు పోతున్న యూనియన్ ఫౌజు ఆ ఒక్క తూటాకు ఆగిపోయింది. ఆగాక వాన అందుకుంది. బురుజు కంటికి ఆనితేనే గురి కుదురుతుంది కనుక, వాన ఎంతసేపు కురిస్తే వాఘాపూర్‌కు అంతసేపు ఆయుష్షు.

కురువు, ఇంకా కురువు, అనుకున్నాడు. అనుకుని తనలో తనే తెల్లబోయాడు. వానను బతిమాలిన సాలెవాడు పుట్టలేదు. వానాకాలం అంటే ఇంట్లో పస్తు. గంజి పెట్టిన పడుగు ఆరదు, నూలు చెమ్మ పట్టి పుటుక్కున తెగుతుంది, మగ్గం గుంతలో నీళ్లూరితే బాపు కాళ్లు పెట్టుకోవడానికి చోటుండదు. ముసురు పట్టిన నాలుగో రోజు బాపు గడపలో కూర్చుని మబ్బును తిట్టేవాడు, మనిషిని తిట్టినట్టే, పేరు పెట్టి. అవ్వ జొన్న గటకలో నీళ్లు ఎక్కువ పోసేది. ఫౌజులో చేరితే ఎండా వానా లేకుండా నెల నెలా జీతం అని ఎవరో చెబితే, కరీంనగర్‌లో లైనులో నిలబడి ఛాతీ కొలిపించుకున్నది ఆ ముసుర్లు భరించలేకే కదా. అట్లా నిజాం ఫౌజు. నిజాం ఫౌజు నుంచి ఇంగ్లీషువాళ్ల యుద్ధానికి మలయా. అక్కడ జపానువాళ్ల ఖైదు. ఇప్పుడు ఈ ఫౌజు. దీనిలో తాను ఏమిటి? నౌకరు కాదు, సిపాయి కాదు. సలాకార్. సలహా చెప్పేవాడు. వాళ్లిచ్చిన ఆకుపచ్చ బట్టలు తొడుక్కున్నాడు గాని భుజం మీద పట్టీ లేదు, టోపీకి బిళ్ల లేదు. నిజాం ఫౌజు ఎట్లా ఆలోచిస్తుంది, ఏ నాకా చౌకీలో ఎన్ని తుపాకులుంటాయి, ఏ వాగు ఎక్కడ దాటొచ్చు, ఏ ఖిల్లాకు ఏ గోడ బలహీనం, ఇదీ అతని పని. అడిగితే చెప్పాలి. అడక్కపోతే ఊరుకోవాలి.

పొద్దున అడిగారు. చెప్పాడు. “రామ్‌లూ, నువ్వు ఈ ఖిల్లాలో రెండేళ్లు ఉన్నావు కదా, ఏ గోడ తేలిగ్గా పడుతుంది?” అన్నాడు మేజర్. సిద్దిరాములు అనే పేరు ఆ నోటికి అంత పొడుగ్గా తిరగదు. ఉత్తరపు బురుజు అన్నాడు తాను, వెంటనే, బడిలో పాఠం అప్పజెప్పినట్టు. అది ఒకసారి కూలితే మట్టితో ఎత్తారు, పైన సున్నం పూశారు, అంతే. మేజర్ పటం మీద పెన్సిలుతో గుండ్రంగా గీశాడు. మోర్టార్లను అటు తిప్పారు. తిప్పుతుంటే చూస్తూ నిలబడ్డాడు, తన మాట ఇంత పని చేయిస్తుందా అని లోపల కొంచెం గర్వం కూడా, అవును, గర్వమే. ఆ గొట్టాలు వంగి ఆగిన దిక్కుకు చూపు సాగిస్తే ఆ చూపు పోయి సాలెవాడలో పడింది. ఉత్తరపు బురుజు కింద ఏముంది? బురుజు కింద రాళ్లు, రాళ్ల కింద సాలెవాడ, సాలెవాడలో రేగుచెట్టు వాకిలి, ఆ వాకిట్లో తన భార్య నర్మద. రెండేళ్లు తాను ఖిల్లా దిగి అన్నానికి వెళ్లిన ఇల్లు. గుండు కొంచెం అటు పడితే చాలు. మోర్టారు గుండుకు కళ్లుండవని మలయాలో చూసినవాడికి ఎవరూ చెప్పనక్కర లేదు.

అప్పుడే ఎందుకు అనలేదు? నోటి దాకా వచ్చింది. కాని పెన్‌గంగ అవతల చాందాలో, నిజాంను వదిలొచ్చినవాళ్ల క్యాంపులో పేరు రాసుకున్న రోజు, భార్యా పిల్లలు ఉన్నారా అని అడిగితే లేరన్నాడు. క్యాంపులో గోడలకు చెవులున్న రోజులవి. వాఘాపూర్‌లో భార్య ఉందంటే ఆ మాట పెన్‌గంగ దాటి రజాకార్లకు చేరడం ఎంతసేపు? ఆమె మంచికే లేదన్నాడు. ఇప్పుడు ఉందంటే, అబద్ధాలకోరు. అంతకన్నా మించి, గోడ సంగతి చెప్పిన నోటితోనే గోడను కొట్టవద్దంటే ఏ మేజర్ మాత్రం నమ్ముతాడు?

ఒక జవాను మగ్గులో చాయ్ తెచ్చి, “సలాకార్ సాబ్” అని పక్కన రాయి మీద పెట్టి, తల మీద గోనెసంచి కప్పుకుని ఉరికాడు. లారీ కింద వాళ్లంతా గుంపుగా కూర్చుని పూరీలు తింటున్నారు, కొండల మాండలికంలో ఏదో అని నవ్వుకుంటున్నారు. తాను దగ్గరికి వెళ్తే ఆ నవ్వు ఆగుతుంది. ద్వేషం ఏమీ లేదు, మర్యాదే. కొంచెం జరిగి చోటిస్తారు, ఆ చోటు అవసరమైన దానికన్నా రెండింతలు పెద్దగా ఉంటుంది. మలయాలో తమ పల్టనుకు కూడా ఒక సలాకార్ ఉండేవాడు. తెల్లదొర. నిజాం పల్టనుకు హుకుం ఇచ్చేది నిజాం ఆఫీసర్లు, పక్కన కూర్చుని సలహా చెప్పేది ఆయన. ఒక్కడే గుడారంలో తినేవాడు, ఒక్కడే గడ్డం గీసుకునేవాడు. సాయంత్రం రబ్బరు చెట్ల మధ్య ఒక్కడే నడిచేవాడు, చేతులు వెనక్కి కట్టుకుని. తామందరూ ఆయన నడకను వెక్కిరించేవారు, అందరికన్నా బాగా వెక్కిరించేది తన దోస్తు గౌస్. జపానువాళ్లు దిగాక, పల్టను అడవిలో పడి వెనక్కి నడుస్తుంటే, ఆ దొర తోవ పక్కన ఇనుప పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఆయనను ఎవరూ ఏమీ అడగడం లేదు. మోకాళ్ల మీద పటం తెరిచి ఉంది. దాటిపోతున్న ఒక్కొక్కరి ముఖం చూస్తున్నాడు, ఎవరైనా ఆగి అడుగుతారేమోనని. తాను కూడా ఆగలేదు. ఆ తర్వాత ఆయన ఏమయ్యాడో తెలియదు. ఇన్నేళ్లలో ఆ ముఖం ఎన్నడూ గుర్తురాలేదు, ఈ టార్పాలిన్ కిందనే వచ్చింది.

చాయ్ చల్లారింది. వాన కొంచెం సన్నబడిందా? లేదు, గాలి మళ్లింది, అంతే. చేనులో జొన్నకర్రలు ఒక దిక్కుకు ఒరిగి లేచాయి. గౌస్ ఖిల్లాలోనే ఉండాలి. నాకా జమేదారు తన నాకా వదిలి ఎక్కడికి పోతాడు? తమ ఇద్దరినీ యుద్ధం నుంచి తిరిగి రాగానే ఫౌజు నుంచి మార్చి ఈ వాఘాపూర్ పోలీసు నాకాలో వేశారు, ఖైదులో ఎండిపోయిన మనుషులు గుట్ట మీద గాలి పీల్చి బాగుపడతారని ఎవరో దయదలచి. గౌస్ మొహియుద్దీన్, భైంసాలో పత్తి గింజలు తీసే మిల్లు పక్కన పుట్టినవాడు, మరాఠీలో తిట్టి ఉర్దూలో నమాజు చేసి తెలుగులో ముచ్చట పెట్టేవాడు. ఖైదులో తనకు జ్వరం వచ్చి మట్టిలో పడి ఉంటే, పనికి లేవనివాణ్ని జపాను సిపాయి కాలితో తన్ని చూసేవాడు, లేస్తాడా లేడా అని. ఆ తొమ్మిది రోజులూ ఇద్దరి వంతు గోతులూ గౌస్ ఒక్కడే తవ్వాడు. కర్రపెండలం గడ్డ తెచ్చి నమిలి, మెత్తగా చేసి సిద్దిరాములు నోట్లో పెట్టేవాడు. “చావకు భాయ్, నువ్వు చస్తే నేను తెలుగుల ఎవ్వనితోని మాట్లాడాలె” అనేవాడు. అట్లాంటివాడు ఉన్న ఖిల్లాకు ఏ గోడ బలహీనమో తాను పొద్దున గడగడా చెప్పాడు.

మరి ఎందుకు వచ్చినట్టు ఇటు? వచ్చింది కూడా నిజమే, రావలసి వచ్చింది కూడా నిజమే. చలికాలంలో హుకుం వచ్చింది, నాకాలో ఉన్న తుపాకుల్లో సగం రజాకార్లకు ఇవ్వాలని, వాళ్ల వెంట ఊళ్లకు వెళ్లాలని. ఒక ఊరికి వెళ్లాడు. ఒక్క ఊరికే. అక్కడ ధాన్యపు గుమ్మి తగలబడుతుంటే ముసలామె ఒకతె ఎవరినీ తిట్టకుండా, చేటతో మంట మీద దుమ్ము పోస్తోంది, చేటతో, పక్కన బావి ఉండగా. ఆ చేట కళ్లలోంచి పోలేదు. నర్మదకు చెప్పలేదు. చెబితే ఆమెను అడిగేవాళ్లకు ఆమె దగ్గర జవాబు ఉంటుంది. తెలియకపోతే తెలియదనే అంటుంది, ఆ ముఖం చూస్తే ఎవరైనా నమ్ముతారు. తాను పోయే పొద్దున పొయ్యి ముందు కూర్చుని, “ఇయ్యాల జల్ది రా, కందికాయ ఉడకబెడుత” అంది. సరే అన్నాడు. అని గుట్ట ఎక్కలేదు, అడవి పట్టాడు. ఆ కందికాయ ఉడికింది, చల్లారింది, మర్నాడు ఎవరికి పెట్టిందో. ఎన్ని నెలలు? ఇటు చాందాలో అందరి మధ్యా కూర్చుని తిన్న ప్రతి అన్నంలోనూ ఉడికిన కందికాయ వాసన వచ్చేది, వచ్చి ముద్ద దిగేది కాదు.

“రామ్‌లూ.” మేజర్ వచ్చి నిలబడ్డాడు. టోపీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి, కాని ఇంతకుముందులా ధారగా కాదు, చుక్కలుగా. సిద్దిరాములు తల తిప్పి చూశాడు. తెరలో మసకగా గుట్ట నీడ లేచింది.

“గోడ పడ్డాక లోపల మెట్లు ఎటు?” అడిగాడు మేజర్.

“సాబ్, మోర్టార్లు వద్దు” అన్నాడు సిద్దిరాములు. వాళ్లు మాట్లాడుకునేది హిందుస్తానీలో. ఆ భాషలో తన గొంతు ఎప్పుడూ కొంచెం సన్నగా, పరాయివాడి గొంతులా వినిపిస్తుంది అతనికి. “అది నాకా. మహా అయితే పది మంది. లోపల తిండి ఉండదు. మనం ఇక్కడ ఉన్నామని తెలిస్తే చాలు, రేపటికి వాళ్లే దిగుతారు.”

“రేపటిదాకా ఆగే తీరిక నాకు లేదు. పొద్దున ఈ మాట అనలేదేం?”

ఆ ప్రశ్న దగ్గర అతనికి దాక్కోవడానికి ఏమీ దొరకలేదు. “బురుజు కింద వాడలో నా భార్య ఉంది” అన్నాడు.

మేజర్ టోపీ తీసి నీళ్లు దులిపాడు. కోపం కూడా రాలేదు ఆయనకు, వస్తే బాగుండేది. “చూడు” అన్నాడు, “ఇప్పటిదాకా నువ్వు చెప్పింది సలహా. ఇది సలహా కాదు, మొర. నా వెనుక వంద మంది ఉన్నారు. వాళ్ల ఇళ్లలోనూ భార్యలున్నారు. మొర విని ఫౌజును గోడ కిందికి ఎట్లా నడిపించను?”

ఆయన అన్నది తప్పు కాదు. తప్పు కాదని తెలియడమే కష్టంగా ఉంది. “అయితే నేను పోతాను సాబ్. నేను మాట్లాడితే దిగుతారు. ఆ జమేదారు నాకు తెలుసు.”

“నిన్ను పొమ్మనే హక్కు నాకు లేదు. నువ్వు నా సిపాయివి కాదు.” మేజర్ ఖిల్లా వైపు చూశాడు, మళ్లీ అతని వైపు చూశాడు. “ఆగమనే హక్కు కూడా లేదు. వాన పూర్తిగా వెలిసేదాకా నా గొట్టాలు పలకవు. ఆ పైన నా చేతిలో లేదు.”

జొన్నచేనులో దిగాడు. నల్లరేగడి, అడుగు వేస్తే బూటు పట్టుకుని వదలదు. తీసి వేస్తే రెండో బూటు పట్టుకుంటుంది. నాలుగడుగులు పోయాక బూట్లు విప్పి అక్కడే వదిలేశాడు. వెనుక ఒక ఫౌజు, ముందర ఒక ఫౌజు. ముందరివాళ్లకు తాను ఆకుపచ్చ బట్టల యూనియన్ సిపాయి, వెనుకవాళ్లకు చెప్పకుండా దాచిన హైదరాబాదువాడు. ఎవరు కాల్చినా తప్పు కాదు. వాన తగ్గుతోంది, పాడువాన, కావాలన్నప్పుడే తగ్గుతోంది. చినుకు ముఖం మీద పడటం లేదు, జొన్నాకుల మీంచి మాత్రం జారుతోంది. గుట్ట తోవ ఎక్కుతుంటే కాళ్లకు రాళ్లు గుర్తొచ్చాయి, ఏ రాయి కదులుతుందో, ఏ మలుపులో ఆగి తాను బీడీ ముట్టించేవాడో. భయం వేయలేదు. భయం కన్నా విచిత్రమైనదేదో, ఇన్ని నెలల తర్వాత ఇంటి తోవ పట్టినట్టు కాళ్లు తేలికయ్యాయి.

“ఆగు అక్కడనే” అని పైనుంచి కేక. తుపాకీ గొట్టం ఒకటి గోడ సందులోంచి బయటికొచ్చింది. “ఎవడివిరా?”

“గౌస్ భాయ్, నేనే, సిద్దిరాములును.”

“ఏ సిద్దిరాములు?”

“మలయాల నీ చేతి గడ్డలు తిన్నోన్ని.”

గొట్టం లోపలికి పోయింది. తర్వాత గోడ మీద గౌస్ ముఖం కనబడింది, గడ్డం నెరిసి, టోపీ లేకుండా. “గా బట్టలేందిరో?” అన్నాడు.

“ఇచ్చిన్రు, తొడుక్కున్న. పైన ఎందరున్నరు?”

“నేను, ఇంకా నలుగురు. ఒకనికి జరం. రజాకార్లు లారీ ఏసుకొని ఎప్పుడో బోథ్ దిక్కు పోయిన్రు. మమ్మల్ని ఈడ ఇడిసిపెట్టి అందరు పోయిన్రు.”

“మరి జెండెందుకు దించలే?”

“దించుదామనే జూసిన. తాడు నాని చిక్కుపడ్డది. గీ వానల ఎక్కి తీసేటోడు ఎవడు?”

“పొద్దున కాల్చిందెవలు?”

“హనుమండ్లు. వాగుల మనుషులు కదులంగనే చేతులు వనికినయట. తుపాకి దానంతట అదే పేలిందంటడు. కొడుదునా, తిడుదునా, ఏం జేద్దు?”

“జల్ది దిగున్రి భాయ్. వాన వెలిస్తే గుండ్లేస్తరు. తుపాకులు ఆడనే వెట్టి, చేతులు మీదికి లేపి దిగున్రి.”

గౌస్ కిందికి, చేను దిక్కు చూశాడు. “దిగితె కాలుస్తరా?” అని అడిగాడు, చాలా మామూలుగా, నిర్మల్ బస్సు ఉందా అని అడిగినట్టు.

కాల్చరని ఎవరు చెప్పగలరు? తాను చెప్పాలి. ఈ ప్రశ్నకు పటాల్లో జవాబు లేదు. “నేను మీ ముందర నడుస్త” అన్నాడు సిద్దిరాములు.

దిగారు. నలుగురు నడుస్తూ, జ్వరమొచ్చిన ఐదోవాడు హనుమండ్లు భుజం మీద వాలి వణుకుతూ. ముందర వట్టికాళ్లతో సిద్దిరాములు. గుట్ట సగం దిగేసరికి వాన పూర్తిగా ఆగింది. ఎండ ఒకటి తెల్లగా వచ్చి చేను మీద పడింది. దూరంగా మోర్టార్ల పక్కన జవాన్లు లేచి నిలబడటం కనిపించింది, మేజర్ చెయ్యి ఎత్తి ఉండటం కనిపించింది. ఆ చెయ్యి ఎందుకు ఎత్తాడో, వేయమనా ఆగమనా, దగ్గరికి వచ్చేదాకా తెలియలేదు. ఆగమనే.

తర్వాతవన్నీ గబగబా జరిగిపోయాయి. జవాన్లు ఖిల్లా ఎక్కారు. ఒకడు స్తంభం ఎక్కి కత్తితో తాడు కోశాడు. దిగినవాళ్ల చేతులు కట్టారు. “ఈ జమేదారు రజాకారా?” అని మేజర్ అడిగితే, “కాదు సాబ్, పోలీసు. మలయా ఖైదులో నాతో ఉన్నాడు” అన్నాడు సిద్దిరాములు. మేజర్ తలూపాడు. నిర్మల్ పంపిస్తాం, అక్కడ విచారిస్తారు అన్నాడు. గౌస్‌ను ఒక్క మాట అడగాలనుకున్నాడు గాని అప్పటికే లారీ ఎక్కించారు. సాలెవాడకు పరుగెత్తాడు.

వాడంతా తాళాలు. ఒక్క కుక్క కూడా మొరగలేదు. రేగుచెట్టు వాకిట్లో తలుపుకు గొళ్లెం పెట్టి, తాళం లేక, గుడ్డపీలికతో ముడి వేసి ఉంది. విప్పి లోపలికి వెళ్లాడు. మగ్గం గుంతలో మోకాలిలోతు నీళ్లు. నేసిన బట్టను కోసుకుని వెళ్లింది, నేయని పడుగు అట్లాగే వదిలేసింది. పొయ్యిలో బూడిద తడిసి గట్టిపడింది. పేరు పెట్టి పిలిచాడు, ఎవరూ లేరని తెలిసీ. ఆ పిలుపు ఖాళీ ఇంట్లో ఎంత పెద్దగా వినిపించిందంటే తానే ఉలిక్కిపడ్డాడు. ఇక్కడ ఎవరూ లేరు. గుండ్లు పడ్డా ఎవరి మీదా పడేవి కావు. చేనులో అంత దూరం నడిచింది ఈ ఖాళీ ఇంటి కోసమా? కాదు, ఐదుగురు బతికారు కదా, అని తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకున్నది నిజమే. కాని ఇల్లు ఖాళీగానే ఉంది.

తిరిగి వచ్చేసరికి బండ్లు కదలడానికి సిద్ధంగా ఉన్నాయి. మేజర్ జీపులో వెనుక సీటు చూపించాడు. ఎప్పుడూ తాను ఒక్కడే కూర్చునే సీటు, పక్కన పటాల పెట్టె. “దొరికిందా?” అన్నాడు. లేదన్నట్టు తలూపాడు సిద్దిరాములు. మేజర్ డ్రైవరు వైపు తిరిగాడు. సిద్దిరాములు జీపు దాటి వెళ్లాడు. వెనుక లారీ దగ్గరికి వెళ్లి, చక్రం మీద కాలు పెట్టి, ఎక్కి, ఖైదీల మధ్య కూర్చున్నాడు. కాపలా జవాను అయోమయంగా చూశాడు. “సాబ్, మీ జాగా ముందర” అన్నాడు. సిద్దిరాములు కదలకపోతే, దించాలో వద్దో తెలియక, అడ్డపలక ఎత్తి గొలుసు తగిలించాడు.

గౌస్ కట్టేసిన చేతులతోనే కొంచెం పక్కకు జరిగాడు. సరిగ్గా ఒక మనిషి పట్టేంత. “ఇంట్ల ఎవ్వలు లేరు గదా” అన్నాడు మెల్లగా.

“లేరు.”

“ఖానాపూర్‌ల ఉన్నది. ఆమె మేనత్త కనకవ్వ బండి తెచ్చి తోల్కపోయింది. తోవల ఎవ్వలన్న ఆపుతరని, నేనే వాగు దాటేదాక ఎంబడి పోయిన. పానం మంచిగనే ఉన్నది, ఫికర్ జెయ్యకు.”

లారీ కుదుపుతో కదిలింది. నిర్మల్ పోయే తోవ. ఖానాపూర్‌కు కూడా అటే పోవాలి. సిద్దిరాములు గౌస్ వైపు తిరిగాడు. “ఏమన్న అన్నదా?”

“నేనే తీసిన నీ ముచ్చట. కోపానికొచ్చింది. చెప్పకుంట పోయినోని సంగతి నాకెందుకు అన్నది. ముఖం అటు తిప్పుకొని కూసున్నది. వాగు దాటినంక నేను మర్లిన. జర్ర దూరం పోయి బండి ఆగింది. ఏమన్న మర్శిపోయిందేమో అని మల్ల ఉరికిన.” గౌస్ ఆగి, కట్టిన చేతులతో ముఖం మీది నీళ్లు తుడుచుకున్నాడు. “ఏ ఫౌజుల ఉంటేంది గని, యాల్లకింత తింటుండా అని అడిగింది.”

“నువ్వేమన్నవ్?”

“నాకేం ఎరుక భాయ్, నువ్వేడున్నవో. తింటుండు అన్న.” లారీ గుంతలో పడి లేచింది. ఇద్దరి భుజాలూ ఒరుసుకున్నాయి. గౌస్ అతని ముఖంలోకి తేరిపార చూశాడు. “తింటున్నవా మరి?”

సిద్దిరాములు తల అడ్డంగా ఊపాడు, అటూ ఇటూ, చిన్నపిల్లవాడిలా. గౌస్ భుజం అట్లాగే ఆనించి ఉంచాడు. లారీ నీళ్లు నిండిన తోవ మీద నిర్మల్ వైపు పోతూనే ఉంది.